రొయ్యల షెడ్డు నడపడం ఎలా: ప్రమాదాలు, నాణ్యత, మనుషులు

భీమవరం, ఆకివీడు, నర్సాపురం, రాజోలు వైపు రొయ్యల ఒలుపు షెడ్లు నడిపేవాళ్లూ, అందులో సూపర్వైజర్లుగా చేసేవాళ్లూ పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. కొనే కంపెనీ వాళ్లు ఆడిట్‌కి వచ్చి ప్రమాదాల రిజిస్టరు ఏది, నాణ్యత రికార్డు ఏది, కార్మికుల ఫైలు ఏది అని అడుగుతారు. ఈ మూడింటినీ ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడు ఫైళ్లు కొని మొదలుపెడితే మూడు నెలల్లో మూడూ అటకెక్కుతాయి. షెడ్డులో ఏ తేడా వచ్చినా ముందు తెలిసేది టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషికి. ఐస్ తక్కువైందని, వేలు తెగిందని, ఏదో ఘాటు వాసన వస్తోందని ఆ మనిషి నోరు తెరిచి చెప్పాలి. చెప్పినందుకు కూలి తెగకూడదు. కింద రాసిన ప్రతి మెట్టూ దీని మీదే నిలబడుతుంది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

మొదలుపెట్టే ముందు ఇవి చేతిలో ఉండాలి. ఖరీదైనవి ఏమీ లేవు.

- ముల్లులా గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్లు రెండు. ఒకటి పాడైనా పని ఆగదు.
- క్లోరిన్ కొలిచే స్ట్రిప్పులు, గ్రాముల్లో తూచే చిన్న కాటా.
- నీలం రంగు బ్యాండ్ ఎయిడ్లు, రంగు గ్లవ్స్. మాంసం రంగువి వద్దు, రొయ్యల్లో పడితే కనిపించవు.
- ఒకే ఒక్క పెద్ద నోటు పుస్తకం. సరుకు సంగతీ మనుషుల సంగతీ మొదటి నెలంతా ఇందులోనే రాయండి. పద్ధతి కుదిరాక రిజిస్టర్లు విడదీయొచ్చు.
- షెడ్డు ప్లాను, చేత్తో గీసినదైనా సరే. గేటు, సరుకు దించే చోటు, టేబుళ్లు, ఐస్ గది, మెయిన్ స్విచ్, బయటికి పోయే తలుపులు అందులో ఉండాలి.
- పనివాళ్లలో అందరూ మాట వినే ఒక పెద్దావిడ. జట్టులో అలాంటి మనిషి తప్పకుండా ఉంటుంది. ఆవిడని ముందే కూర్చోబెట్టి మాట్లాడండి.

థర్మామీటర్ నమ్మదగినదో కాదో చూడటం తేలిక. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐస్ వేసి, సందుల్లో నీళ్లు పోసి, కాసేపు కలిపి ముల్లు ముంచండి. 0 డిగ్రీలు చూపాలి. ఎంత తేడా ఉందో దాని మీదే అతికించండి. వారానికోసారి ఇది చేయాలి.

## 2. సరుకు నడిచే దారి వెంట నడవండి

ఆఫీసు గదిలో కూర్చుని ప్రమాదాల జాబితా రాయకండి. లోడు దిగుతున్నప్పుడు, షెడ్డు నిండా మనుషులున్నప్పుడు, సూపర్వైజరూ ఆ పెద్దావిడా మీరూ కలిసి గేటు నుంచి ప్యాకింగ్ దాకా నడవండి. ప్రతి చోటా మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇక్కడ మనిషికి ఏం కావచ్చు?
2. ఇక్కడ సరుకుకి ఏం కావచ్చు?
3. అది ముందుగా ఎవరి కంట పడుతుంది?

మూడో ప్రశ్నను దాదాపు అందరూ వదిలేస్తారు. దానికి జవాబు లేని చోటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

రాసిన ప్రతిదానికీ రెండు అంకెలు వేయండి. జరిగితే ఎంత నష్టం అన్నదానికి 1 నుంచి 3, ఎంత తరచుగా జరగొచ్చు అన్నదానికి 1 నుంచి 3. రెండూ గుణించండి. 6 గానీ 9 గానీ వస్తే ఆ వారమే సరిచేయాలి. ప్రాణం పోయే ప్రమాదమైతే లబ్ధం 3 వచ్చినా ఆ వారమే చేయాలి. అమ్మోనియా (ఐస్ ఫ్యాక్టరీల్లో, ఫ్రీజింగ్‌లో చల్లబరచడానికి వాడే వాయువు), కరెంటు ఈ కోవలోవి.

సరిచేయడానికి ఒక వరుస ఉంది. ప్రమాదాన్ని అసలు లేకుండా చేయగలమా అని మొదట చూడండి. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్నది వాడటం, అదీ కాకపోతే అడ్డుగోడో కవరో పెట్టడం, ఆ తర్వాత నియమం రాయడం. గ్లవ్సూ బూట్లూ ఆఖరి మెట్టు. మన దగ్గర చాలామంది బూట్లు కొనిచ్చి పని అయిపోయిందనుకుంటారు. నేల వాలు సరిగా లేక నీళ్లు నిలుస్తుంటే ఏ బూటుతోనైనా జారతారు. ముందు వాలు సరిచేయించండి.

## 3. చెప్పినవాళ్ల కూలి తెగకుండా చూడండి

ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఒలుపు చాలాచోట్ల కిలో లెక్కన నడుస్తుంది. వేలు తెగిందని చెబితే సూపర్వైజరు పక్కకి పంపేస్తాడు, ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఆవిడ గుడ్డపీలిక చుట్టుకుని, పైన గ్లవ్ తొడుక్కుని, కిక్కురుమనకుండా ఒలుస్తూనే ఉంటుంది. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. మనం పెట్టిన కూలి లెక్క ఆవిడ చేత ఆ పని చేయిస్తోంది.

చీము పట్టిన గాయంలో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది చేతి నుంచి రొయ్యకి చేరుతుంది. సరుకు ఐస్ లేక వెచ్చబడితే పెరిగి విషం తయారుచేస్తుంది. బ్యాక్టీరియా వేడికి చచ్చినా ఆ విషం వంటతో పోదు. అంటే ఒక్క తెగిన వేలు మనిషి ఆరోగ్యానికీ, సరుకు నాణ్యతకీ, మీ వ్యాపారానికీ ఒకేసారి సంబంధించిన విషయం.

ఇలా మార్చండి:

గాయం, చర్మం మీద పుండ్లు: చెప్పిన వెంటనే సరుకు తాకని పనికి మార్చండి. లేబుళ్లు అతికించడం, అట్టపెట్టెలు మడవడం, కాటా దగ్గర రాయడం లాంటివి. కూలి మాత్రం ఆవిడ కిందటి వారం సగటు ప్రకారం ఇవ్వాలి.

విరేచనాలు, వాంతులు, జ్వరం: ఏ పనీ ఇవ్వకండి. ఆ రోజు సగటు కూలి ఇచ్చి ఇంటికి పంపండి. ఇది దుబారా అనేవాళ్లున్నారు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా దొరికి వెనక్కొచ్చిన లాటు ముందు ఒక మనిషి కూలి ఎంత?

పని ఆపిన సమయం: ఐస్ అయిపోయిందనో, టేబుల్ మీద గాజుపెంకు కనిపించిందనో ఎవరైనా ఆపమంటే, ఆపినంతసేపటికీ ఆ టేబుల్ అందరికీ లెక్క కట్టాలి.

చేతులు కడిగే సమయం: గంటకోసారి చేతులు కడిగితే కిలోలు తగ్గుతాయని కడగరు. కిలో రేటు కట్టేటప్పుడే ఆ నిమిషాలు కలిపేయండి. బెల్లు కొట్టి టేబుల్ మొత్తాన్ని ఒకేసారి పంపండి. అప్పుడు పక్కావిడ ముందుకెళ్లిపోతోందన్న టెన్షన్ ఎవరికీ ఉండదు.

మేస్త్రి ద్వారా మనుషులు వస్తుంటే ఈ నాలుగూ మేస్త్రితో రాసుకున్న కాగితంలో ఉండాలి. డబ్బు వీలైనంతవరకు పనిచేసినవాళ్ల ఖాతాలోకే వెళ్లాలి. మేస్త్రి మధ్యలో కోసుకుంటే పైన చెప్పినదంతా కాగితం మీదే మిగులుతుంది.

షిఫ్టు మొదట్లో చేతులు చూడటం ఆ పెద్దావిడకి అప్పగించండి. "ఎవరికి తెగింది?" అని గట్టిగా అరిస్తే ఎవరూ పలకరు. "ఏదీ అక్కా, చేతులు ఇలా పెట్టు" అని ఒక్కొక్కరి దగ్గరా రెండువైపులా చూస్తే అది రోజూ జరిగే మామూలు పనైపోతుంది.

మొదటి వారమంతా ఒక్కరూ ఏమీ చెప్పకపోతే గాయాలు లేవనుకోకండి, ఇంకా మీ మీద నమ్మకం కుదరలేదు. మొదటిసారి చెప్పినావిడకి ఆ సాయంత్రమే నలుగురి ముందూ పూర్తి కూలి లెక్కకట్టి ఇవ్వండి. మర్నాటి నుంచి మీ పుస్తకం నిండటం మొదలవుతుంది. పుస్తకంలో గాయాల సంఖ్య పెరిగిందని యజమాని సూపర్వైజరు మీద విరుచుకుపడితే మాత్రం మళ్లీ మొదటికొస్తారు.

## 4. సరుకు దిగిన మొదటి గంట

రొయ్య నాణ్యత చెరువు గట్టు మీదే సగం తేలిపోతుంది. మిగతా సగం మీ గేటు దగ్గర తేలుతుంది.

వ్యాను తలుపు తీయగానే: పైన, మధ్య, అడుగు క్రేట్ల నుంచి రొయ్యలు తీసి థర్మామీటర్ గుచ్చి చూడండి. పైన ఐస్ కనిపించి అడుగున వెచ్చగా ఉండటం మామూలే. 4 డిగ్రీలు దాటితే వెంటనే ఐస్ నీళ్లలో వేసి, ఆ లాటును పక్కన పెట్టి రాయండి.

కాగితాలు: రైతు, చెరువు, పట్టుబడి చేసిన సమయం, ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ఎలీసా ల్యాబులో పట్టుబడికి ముందు చేయించిన యాంటీబయాటిక్ పరీక్ష పత్రం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్కులు చెరువులో వాడితే షెడ్డులో ఎంత కడిగినా పోవు. పత్రం లేని సరుకును దించుకుని తర్వాత తెప్పించుకుందాంలే అనుకోకండి. దించాక వెనక్కి పంపడం ఎవరివల్లా కాదు.

లాటు నంబరు: ఒక చెరువు సరుకు ఒక లాటు. తొందరలో రెండు చెరువుల సరుకు ఒకే టబ్బులో కలిపేస్తే, రేపు ఒకదానిలో తేడా వచ్చినా రెండూ పోతాయి. లాటుకో రంగు టోకెన్ పెట్టి, ఆ టోకెన్ టబ్బుతో పాటే టేబుల్ మీదికీ, ప్యాకింగ్‌కీ నడిచేలా చూడండి.

ఐస్ లెక్క: కిలో ఐస్ కరగడానికి సుమారు 80 కిలోక్యాలరీల వేడి తీసుకుంటుంది. 30 డిగ్రీల రొయ్యని కిలో చొప్పున 0కి దించడానికి కావాల్సింది అందులో మూడో వంతు. మరి కిలోకి కిలో ఐస్ ఎందుకంటారంటే, మిగతాదంతా మన ఎండా, ఉక్కపోతా, టబ్బు గోడలూ తినేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కిలోకి కిలో కూడా చాలదు. ఒక పొర ఐస్, ఒక పొర రొయ్య, మళ్లీ పైన ఐస్ వేయాలి. పెద్ద దిమ్మల కంటే నలగ్గొట్టిన ఐస్‌లో కొంచెం నీళ్లు కలిపితే త్వరగా చల్లబడుతుంది, రొయ్య నలగదు.

టేబుల్ మీద: ఒక్కొక్కరి ముందూ పెట్టే కుప్ప చిన్నదిగా ఉండాలి. పెద్ద కుప్ప పోస్తే అడుగున ఉన్నది ఒలిచేసరికి వెచ్చబడుతుంది. తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు మోయడానికి ఇంకో ఇద్దరు కుర్రాళ్లు కావాలి. నాణ్యత మీద ఖర్చు పెట్టదలచుకుంటే మొదటి రూపాయి ఇక్కడ పెట్టండి.

తల దగ్గరా పెంకు అంచుల్లోనూ నల్లమచ్చలు వస్తే కుళ్లిందని కంగారుపడతారు. అది రొయ్యలో ఉండే ఎంజైము గాలి తగిలి చేసే పని. అది రాకుండా మెటాబైసల్ఫైట్ అనే మందు వాడతారు గానీ, పచ్చి రొయ్య తినే భాగంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడు కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం. కొనేవాళ్లు అసలే వద్దంటే అసలే వాడకూడదు. చెరువు గట్టు మీద ముంచారో లేదో రైతుని అడగకుండా షెడ్డులో మళ్లీ ముంచడం చాలా చోట్ల జరిగే పొరపాటు.

## 5. నీళ్లు, బ్లీచింగ్

డెల్టాలో బోరు నీళ్లు చాలా ఊళ్లలో ఉప్పన. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తే ఊరి చెరువు నీళ్లే దిక్కు. అందుకని నీటి పరీక్ష ఏడాదికోసారి చేయించి ఊరుకోకూడదు. కాలువలు కట్టేసినప్పుడోసారి, మళ్లీ కొత్త నీరు వదిలినప్పుడోసారి చేయించండి. ఐస్ ఫ్యాక్టరీ ఏ నీళ్లు వాడుతోందో కూడా అడిగి రాసుకోండి.

బ్లీచింగ్ గుప్పెళ్లతో వేయడం మానేయండి. 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడరు అయితే 100 లీటర్లకి:

- చేతులు ముంచే నీళ్లకి, 20 పీపీఎం (లీటరుకి 20 మిల్లీగ్రాముల క్లోరిన్): సుమారు 7 గ్రాములు.
- గిన్నెలూ టేబుళ్లూ కడగడానికి, 100 పీపీఎం: సుమారు 33 గ్రాములు.
- కాళ్లు ముంచే తొట్టికి, 200 పీపీఎం: సుమారు 67 గ్రాములు.

కొనే కంపెనీ వేరే అంకె ఇస్తే అదే పాటించండి, లెక్క మాత్రం ఇలాగే కట్టాలి. మన గాలిలో తేమకి పౌడరు బలం త్వరగా పడిపోతుంది. మూత బిగించి పెట్టి, కలిపాక స్ట్రిప్పుతో చూడండి. ఎక్కువ వేస్తే మంచిదనుకుంటే నీళ్లలో నానిన చేతుల చర్మం ఊడుతుంది, ఆ పగుళ్లతో మూడో భాగంలో చెప్పిన కథ మళ్లీ మొదలవుతుంది.

## 6. ప్రాణం మీదికి తెచ్చేవి

కరెంటు. తడి నేల, తడి చేతులు, మోటార్లు, ఫ్యాన్లు. ప్రతి లైనుకీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయి కరెంటు ఆపేసే బ్రేకరు (ఆర్‌సీసీబీ) పెట్టించండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడకపోతే ఆ లైను ఆపేయాలి. అస్తమానం పడిపోతోందని దాన్ని తీసేసి నేరుగా కలిపే ఎలక్ట్రీషియన్ని మళ్లీ గేటు లోపలికి రానివ్వకండి.

అమ్మోనియా. మీకు ఫ్రీజింగ్ లేకపోయినా పక్క ఐస్ ఫ్యాక్టరీలో ఉండొచ్చు. 300 పీపీఎం దగ్గరే ప్రాణానికి ప్రమాదం. మామూలుగా గాలి కంటే తేలికే అయినా, లీకైనప్పుడు చల్లటి తెల్లని పొగలా నేల వెంట పాకుతుంది.

- ఎత్తయిన గడకి గుడ్డ సంచి కట్టండి. గాలి ఎటు వీస్తోందో అందరికీ కనిపించాలి.
- వాసన వస్తే గాలికి అడ్డంగా నడిచి పక్కకి తప్పుకుని, ఆపైన గాలి వచ్చే వైపు వెళ్లాలి.
- అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుంటే బయటపడేదాకా కొంత ఆసరా.
- కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత ఆసుపత్రి.
- నేల మీద ద్రవంగా కారిన అమ్మోనియా మీద నీళ్లు కొట్టకండి, ఇంకా ఎక్కువ ఆవిరై లేస్తుంది.
- వాల్వు కట్టడానికి మాస్కూ సిలిండరూ లేకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదు, యజమాని అయినా సరే.

మూడు నెలలకోసారి అందరినీ బయటికి పరిగెత్తించి చూడండి. రెండో తలుపుకి తాళం వేసి ఉందని ఆ రోజే తెలుస్తుంది. ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు ఉంటే తెలుగు బోర్డు సరిపోదు. బొమ్మ గీయించండి, వాళ్లలో ఒకరి చేత వాళ్ల భాషలో చెప్పించండి.

మందులు. బ్లీచింగూ, యాసిడూ, ఫినాయిలూ, మెటాబైసల్ఫైటూ ఒకే అల్మారాలో పెట్టకండి. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. మెటాబైసల్ఫైట్‌లో పడితే సల్ఫర్ డయాక్సైడు వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లని ఈ మందులు కలిపే పనికి పెట్టొద్దు.

## 7. మనుషుల కేలండరు

షెడ్డుకి మనుషులు ఎప్పుడు తగ్గుతారో పొలాన్ని చూస్తే తెలిసిపోతుంది. సార్వా ఊడ్పులు, దాళ్వా ఊడ్పులు, రెండు కోతలు. ఇక సంక్రాంతికి సగం టేబుళ్లు ఖాళీ. ఆ రోజుల్లో తక్కువ మందితో మామూలు లోడు దించుకోవడం వల్లే ఎక్కువ గాయాలూ, ఎక్కువ తిరుగుసరుకూ వస్తాయి. ఏడాది మొదట్లోనే కేలండరు మీద ఆ వారాలు ఎర్రగా గీసి, ఎంతమందికి ఎన్ని టన్నులో కొనేవాళ్లకి ముందే చెప్పేయండి.

కొత్తగా చేరినవాళ్లకి మొదటి మూడు రోజులు కిలో లెక్క వద్దు, రోజు కూలి ఇచ్చి పాతవాళ్ల పక్కన నిలబెట్టండి. కిలో లెక్క పెడితే మొదటి రోజు నుంచే అడ్డదారులు నేర్చుకుంటారు.

తెల్లవారుజామున కాలువ గట్టు రోడ్ల మీద పరిమితికి మించి ఎక్కిన ఆటోల్లో వచ్చేవాళ్ల ప్రయాణం కూడా మీ ప్రమాదాల పట్టికలో ఉండాలి. ఇంకో ఆటోకి డబ్బు కట్టండి. రాత్రి షిఫ్టుకి ఆడవాళ్ల రాతపూర్వక అంగీకారం, ఇంటిదాకా బండి ఉండాలి.

చట్టం సంగతి క్లుప్తంగా: పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే. ఈఎస్ఐ, పీఎఫ్ వర్తిస్తే మేస్త్రి మనుషులకి కూడా వర్తిస్తాయి, మేస్త్రి కట్టకపోతే బాధ్యత మీదే.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఉష్ణోగ్రత పుస్తకంలో రోజంతా ఒకే అంకె. చూడకుండా రాస్తున్నారు. రాసినవాళ్లని తిట్టకండి. గంటకోసారి చూడటం కుదరని పనిభారం ఉందేమో చూసి, ఆ ఒక్క పనికి ఒక మనిషిని పెట్టండి.

ఆడిట్ ముందు రోజు రికార్డులు నింపడం. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, మరకలేని కాగితం చూసి ఆడిటర్లు ఇట్టే పట్టేస్తారు. రాయని రోజు ఖాళీగా వదిలి, ఎందుకు రాయలేదో రాయడమే మంచిది.

తేడా వస్తే సూపర్వైజరుకి జరిమానా. మరుసటి సారి తేడా కనిపించదు, ఉంటుంది. జరిమానా మానేసి "ఎందుకు" అని వరసగా అడగండి. బరువు తగ్గింది. ఎందుకు? ఒలిచేటప్పుడు మాంసం పెంకుతో పోయింది. ఎందుకు? సరుకు మెత్తబడింది. ఎందుకు? ఐస్ ఆలస్యమైంది. అక్కడ ఆగి ఐస్ సరిచేయండి.

కొన్న యంత్రాలకి మూతలు తీసేయడం. కడగడం తేలికని తీస్తారు. తీయకుండానే కడగడానికి వీలైన మూత చేయించండి.

## 9. తుఫాను, వరద వచ్చేటప్పుడు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు, జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద. లంకల నుంచి మనుషులు వచ్చే షెడ్లకి ధవళేశ్వరం నీటిమట్టమే కొలత. 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది.

- మొదటి హెచ్చరికకి: ఎవరెవరి ఊరు మునుగుతుందో పేర్లు రాసుకోండి, జనరేటర్ డీజిల్ నింపండి, కొత్త లోడ్లు తగ్గించండి.
- రెండో హెచ్చరికకి: లంకల వాళ్లని కూలి లెక్కకట్టి ఇచ్చి ఇళ్లకి పంపండి. ఉన్న సరుకు పూర్తిచేసి ఫ్యాక్టరీకి తోలేయండి.
- మూడో హెచ్చరిక దాకా సరుకు షెడ్డులో ఉండకూడదు. మందుల డ్రమ్ములు ఎత్తు మీదికి మార్చండి, మెయిన్ దించేయండి.

నీళ్లు తీశాక ముందు ఎలక్ట్రీషియన్ లోపలికి వెళ్లాలి, తర్వాతే మిగతావాళ్లు. మోటార్లు ఆరబెట్టి పరీక్షించకుండా స్విచ్ వేయొద్దు. నీళ్ల ట్యాంకు ఖాళీచేసి, కడిగి, క్లోరిన్ వేసి, పరీక్ష చేయించాకే ఒలుపు మొదలుపెట్టండి. కరెంటు పోయినప్పుడు ఫ్రీజరులో ఉన్న సరుకు ఏదైనా ఉంటే తలుపు తీయకుండా ఉంచి, కరెంటు వచ్చాక పెట్టె మధ్యలో గుచ్చి చూడండి. మైనస్ 18 కంటే పైకి వచ్చినదాన్ని విడిగా పెట్టి, ఎంత పైకి వచ్చిందో, ఎంతసేపో రాసి, కొనేవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. కరిగిపోయినదాన్ని మళ్లీ గడ్డకట్టించి అదే లాటులో కలపకండి.